బాషా మామ మీద వేసిన నింద

పులివెందులలో మా వీధి చివర పరుపులు కుట్టే షెడ్డు ఉంది. పొద్దున్నే అక్కడ మిషన్ మీద దూది ఏకడం మొదలుపెడితే ఆ దుమ్ము మా వంటింటి దాకా వస్తుంది. గొంతు గరగరలాడుతుంది. కిటికీ వేయమని పిల్లలు గోల చేస్తారు. నేను వెంటనే వేయను. ఆ దుమ్ము పీల్చినప్పుడల్లా ప్రొద్దుటూరు దగ్గర నేను పనిచేసిన నూలు మిల్లూ, అక్కడి మా మేస్త్రీ మహబూబ్ బాషా గుర్తొస్తారు. మిల్లు పేరు పలకడం నాకిష్టం లేదు.

ఆయనది జమ్మలమడుగు. రోజూ ఇస్త్రీ చొక్కాతో వచ్చి, దాన్ని జాగ్రత్తగా మేకుకు తగిలించి, పాత చొక్కా వేసుకుని పనిలోకి దిగేవాడు. నోటి దురుసు ఎక్కువ. దారం తెగితే చాలు, "ఏమ్మే, నిద్రపోతాండావా, పెండ్లికొడుకును తలుసుకుంటాండావా?" అని అందరి ముందూ అనేవాడు. మొదట్లో కోపమొచ్చేది. ఆ తిట్లలోనే నాకు పని మొత్తం నేర్పాడని తర్వాత తెలిసింది. మాకందరికీ ఆయన మామే.

ఒకరోజు దూది ఏకే యంత్రంలో పడి, నా పక్కన పనిచేసే రమణమ్మ చెయ్యి నలిగిపోయింది. యంత్రం మీద ఉండాల్సిన మూత లేదు. పని తొందరగా సాగాలని మేనేజరే దాన్ని తీయించాడు. ప్రమాదం గురించి అడగడానికి వచ్చిన ప్రభుత్వ అధికారికి నేను ఆ మాటే చెప్పాను. కొద్ది రోజులకే మిల్లు నుంచి నా చేతికి ఛార్జిషీటు వచ్చింది, నా మీద ఆరోపణల కాగితం. మూత తీసింది నేనేనట, రమణమ్మ చెయ్యి నా వల్లే పోయిందట. రాజీనామా ఇచ్చి ఇంటికి పోదామనుకుంటుంటే మామ క్యాంటీన్ దగ్గర ఆపాడు.

"రాజీనామా ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టే గదా. రేపు రమణమ్మ ఎదురైతే మొగం యాడ పెట్టుకుంటావు?"

"మరి ఏం జేయాల మామా?"

"నేను తీయలేదని జవాబు రాయి. విచారణలో నీ పక్కన నేను కూర్చుంటా."

మిల్లు లోపల జరిగే విచారణకు లాయరును రానివ్వలేదు. తోటి కార్మికుడు ఒకరు పక్కన కూర్చోవచ్చన్నారు. ఎవరొస్తారు? మేనేజర్ కంట్లో పడాలని ఎవరికి ఉంటుంది? మామ వచ్చాడు. "మూత తీయమనింది మీరే గదా సార్?" అని మేనేజర్‌నే అడిగేశాడు. అయినా నన్నే డిస్మిస్ చేశారు.

ప్రొద్దుటూరులో ఒక లాయరమ్మ నా తరఫున లేబర్ కోర్టులో కేసు వేసింది. అది నడుస్తుండగానే మామకూ ఛార్జిషీటు ఇచ్చారు, తాగి డ్యూటీకి వచ్చాడని. ఐదు పూటలా నమాజు చేసే మనిషి మీద! విచారణ రోజు నేను గేటు దగ్గరికి పరుగెత్తాను. "ఈడ పని చేసేటోళ్లే కూర్చోవాల. నువ్విప్పుడు బయటి మనిషివి" అని సెక్యూరిటీ అడ్డం నిలబడ్డాడు. మామ ఒక్కడే కూర్చుని వచ్చాడు. మేస్త్రీ పని తీసేసి, ఆ వయసులో ఆయన్ను దూది బేళ్లు మోయడానికి వేశారు.

మామను తీసుకుని పోతే లాయరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. "నిన్ను పనిలోంచి తీసేశారు, అందుకే నువ్వొక్కదానివే కేసు వేయగలిగావు. ఈయన్ను తీసేయలేదు, కిందికి దించారు. దీనికి యూనియన్ గానీ, తోటివాళ్లు గానీ కలిసి రావాలి. అంతవరకు అన్యాయమని రాసిచ్చి పని చేస్తూ ఉండండి. మానేస్తే, మీరే వెళ్లిపోయారంటారు."

మిల్లులో యూనియన్ లేదు. సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగాం. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లే "పిల్లోళ్లు ఉండారు మామా" అని గడపలోనే మాట తెంచేశారు. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. నాకైతే ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ చల్లారలేదు.

నా కేసులో సాక్షి మామే. సాక్ష్యం చెప్పకపోతే మేస్త్రీ పని తిరిగి ఇస్తామని మిల్లు నుంచి కబురొచ్చింది. "నువ్వు రావద్దులే మామా" అని బతిమాలాను.

"నా మీద మాట ఎట్లాగూ పోయేట్టు లేదు. నీ మీద మాటన్నా పోనీ పాపా" అన్నాడు.

కోర్టులో మిల్లు లాయరు గొంతు పెంచి, "తాగి పనికొచ్చి శిక్ష పడినవాడివి కదా?" అని అడిగాడు.

"శిక్ష పడింది నిజమే సార్. తాగింది అబద్ధం."

ఆ ఎండాకాలంలోనే మామ బేళ్ల గోడౌన్‌లో కుప్పకూలాడు. ఆసుపత్రికి తెచ్చేలోపే ప్రాణం పోయింది. తీర్పు ఆ తర్వాత వచ్చింది. నా మీద ఆరోపణ అబద్ధమనీ, పని తిరిగి ఇవ్వాలనీ రాశారు. ఆ గోడౌన్ ముందు నుంచి రోజూ నడవడం నా వల్ల కాదని నేను మిల్లుకు పోలేదు. తీర్పు పట్టుకుని జమ్మలమడుగు పోయాను. మామ భార్య షరీఫా అత్త నా పక్కన కూర్చుని నాతో చదివించుకుంది.

"మీ మామ గురించి ఏమన్నా రాసినారా?"

"నమ్మదగిన సాక్షి అని రాసినారు అత్తా."

"తాగలేదని రాసినారా?"

తీర్పు కాగితాలు మడిచాను. "లేదత్తా. అది వేరే కేసు" అన్నాను. ఆమె తలూపి, లేచి, నాకు టీ పెట్టడానికి లోపలికి పోయింది.

ఆ వేరే కేసు ఎప్పటికీ పడలేదు. వెనక నిలబడే మనుషులు దొరకలేదు. ఇప్పుడు నేను పనిచేసే పాల కేంద్రంలో ఎవరికి ఛార్జిషీటు వచ్చినా నేను పోయి పక్కన కూర్చుంటాను. భయం లేక కాదు. కానీ దానితో మామ మీద పడిన మాట పోదు. ఆయన సంగతి ఏ కోర్టూ రాయలేదు కనుక, ఆయన్ను ఎన్నడూ చూడని మీకోసం నేనే రాస్తున్నాను. జమ్మలమడుగు మహబూబ్ బాషా తాగి పనికి రాలేదు.