సన్నబియ్యం మూట

వరి పండించే ఇంట్లో పుట్టినందుకు నాకు ఒక గర్వం, దాన్ని అంటిపెట్టుకుని ఒక మూర్ఖత్వం ఉండేవి. పళ్ళెంలో తెల్లగా, పొడిపొడిగా విడివడకపోతే అది నాకు అన్నమే కాదు. కృష్ణపట్నం ఓడరేవులో క్రేను నడిపే కాంట్రాక్టు పనికి చేరి, మరొకతనితో కలిసి గదిలో వండుకునే రోజుల్లోనూ అంతే. రోజుకింత అని ఇద్దరం వేసుకునే తిండి డబ్బుల్లో ముప్పాతిక సన్నబియ్యానికే పోయేది. మిగిలినదాంతో చారు. అందులో కందిబద్ద కనిపిస్తే ఆ పూట మాకు పండగ.

కాంట్రాక్టు పొడిగించే ముందు కంపెనీవాళ్ళు రక్తపరీక్ష చేయించారు. నాకు రక్తం బాగా తక్కువగా ఉందట. రెండో పరీక్షలోనూ ఇంతే ఉంటే క్రేను ఎక్కనివ్వరు. క్రేను దిగితే నేరుగా ఊరి బస్సే ఎక్కాలి. గదిలో ఉండేవాడు నాకన్నా పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. కాగితం చూశాడు, నన్ను చూశాడు.

"అబ్బయా, నీ అన్నం కన్నా నువ్వే తెల్లంగా ఉండావు" అన్నాడు.

ఆ రోజు నుంచి గరిటె అతని చేతికి పోయింది. డబ్బులు అవే, సంచిలో సరుకు మారింది. రాగిపిండి, శెనగలు, బెల్లం. సాయంత్రం పూట రేవులో చవగ్గా దొరికే చిన్న చేపలు, నెత్తళ్ళు. గది వెనక చెట్టుకు కావలసినంత మునగాకు. తినగానే టీ తాగితే తిన్నది ఒంటికి పట్టదని అదీ బందు. బదులుగా కూర మీద నిమ్మకాయ పిండేవాడు. ఆకులో అన్నం తిని పెరిగినవాణ్ణి, అన్నమే లేని ఆకు తిన్నాను.

మూటలో సన్నబియ్యం ఇంకా సగం ఉంది కదా, దాని సంగతేమిటని అడిగాను. పారేస్తే పాపమన్నాడు. ఆ పాపం తగలకుండా రెండు పూటలా తానే తిన్నాడు. నాకు ఆకు, అన్నకు అన్నం.

సముద్రపు గాలికి సంకటి మీద ఇసుక పడేది. నెత్తళ్ళు గిల్లుతూ అతను చర్చి పాట కూనిరాగం తీసేవాడు. ఇప్పుడు నెల్లూరులో మా ఇంట్లో మునగాకు వేగితే నాకు మొదట ఆ పాటే వినిపిస్తుంది.

రెండో పరీక్షకు ఇద్దరం వెళ్ళాం, పన్లోపనిగా అన్న కూడా రక్తం ఇచ్చాడు. నా రక్తం చాలినంత పెరిగింది, క్రేను నాకే ఉండిపోయింది. అన్నకు మాత్రం షుగరు అంచుకొచ్చిందని, తెల్లన్నం తగ్గించమని డాక్టరు చెప్పాడు.

గదికి రాగానే గరిటె నేనందుకున్నాను. అతనికి సంకటి, గుప్పెడు ఎక్కువే మునగాకు వడ్డించాను. అతను పళ్ళెం వైపు చూసి, "నువ్వు కూడా ఇదేగా తినేది?" అన్నాడు, కాస్త ఆశగా.

"పారేస్తే పాపం గదన్నా" అని, మూట అడుగున మిగిలిన సన్నబియ్యం నాకొక్కడికే వండుకుని, అతని ఎదురుగా కూర్చుని, మెతుకు మెతుకూ నిదానంగా తిన్నాను.