గేటు దగ్గర కుర్చీ

నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను. చిన్నప్పుడు మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. ఇప్పటికీ ఫోన్ వస్తే గదంతా తిరుగుతూనే మాట్లాడతాను. అందుకేనేమో, ఏలూరులో నేను పనిచేసే చేపల మేత కంపెనీ ఆఫీసులో అందరినీ కుర్చీల్లోంచి లేపే పని మేనేజరు గారు నాకే అప్పగించారు. అక్కడ సగం మందికి షుగరు, మిగతా సగానికి నడుంనొప్పి.

మొదట గంటకోసారి బెల్లు పెట్టించాను. మోగగానే లేచేవారు, ఒళ్లు విరుచుకుని మళ్లీ కూలబడేవారు. నాకు ఒళ్లు మండేది. వీళ్లెందుకు కదలరా అని రెండు రోజులు గమనించాను. కారణం మా అటెండరమ్మ. పెదపాడు నుంచి బస్సులో వచ్చే ఆవిడ మంచినీళ్లు, టీలు, ఫైళ్లు అన్నీ ఎవరివి వాళ్ల బల్ల దగ్గరికే చేర్చేది. ఆవిడ నడుస్తుంటే ఆఫీసంతా కూర్చునేది.

బెల్లు అలాగే ఉంచి, ఆవిడ అందించడాలన్నీ ఆపించాను. నీళ్ల క్యాను వరండా చివర పెట్టించాను, ప్రింటరు మేడ మీదికి ఎక్కించాను. వారం తిరిగేసరికి సణుక్కుంటూనే అందరూ నడిచారు. ఒక సాయంత్రం అటెండరమ్మ నా గది గుమ్మంలో నిలబడి, "నన్ను మానిపించేస్తారాండీ, మేడం గారూ?" అని అడిగింది. ఆ సంగతి నాకు తట్టనే లేదు. సిగ్గేసింది. మేనేజరు గారితో మాట్లాడి, గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసే పని ఇప్పించాను. ఏదో పుణ్యం చేశాననుకున్నాను కూడా.

నెల తర్వాత ఒకరోజు గేటులోంచి వస్తూ చూస్తే ఆవిడ పాదాలు వాచి ఉన్నాయి. చెప్పులు పట్టక పక్కన విడిచేసింది. కాస్త లేచి నాలుగడుగులు వేయొచ్చు కదా అని విసుక్కున్నాను.

"లేస్తే ఎవరో ఒకరు రాయకుండా లోపలికెళ్లిపోతారండీ. అప్పుడు ఇదీ పోద్దండీ," అంది. రిజిస్టరు దగ్గరికి లాక్కుని, "మీ బెల్లు ఇక్కడిదాకా వినపడదండీ," అంది.

నడిచి రమ్మని, ఆవిడ వచ్చేదాకా నేను కూర్చుంటానని చెప్పాను. నమ్మలేనట్టు చూసి, మెల్లగా కాలవ గట్టు వైపు నడిచింది. రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎండ కాళ్ల మీదికొచ్చింది. గణపవరం నుంచి ఒక చెరువు రైతు వస్తే పేరు రాశాను. తర్వాత ఎవరూ రాలేదు. కాళ్లు ఊపాను. కుర్చీ ఇటు జరిపాను, అటు జరిపాను. ఆవిడ ఎప్పుడొస్తుందా అని గట్టు వంకే చూస్తూ వాచీ చూసుకున్నాను. ఏడు నిమిషాలైంది.