చెట్టు వడగట్టిన నీళ్లు

మా చిన్నప్పుడు... పొద్దున్న లేచి ముఖమైనా కడుక్కోకుండా కొబ్బరితోటలోకి పరిగెత్తి, చెట్టు మొదట్లో బోర్లా పడుకునేవాణ్ణి. ముందురోజు నాన్న వేరుకు కట్టిన మందు సంచి ఖాళీ అయిందో లేదో చూడటానికి.

మాది ఉద్దానం. సోంపేట దాటాక సముద్రం వైపు ఊరు. కొబ్బరికి పురుగో తెగులో పడితే నాన్న పాదు తవ్వి, పెన్సిలంత లావున్న వేరు ఒకటి వెతికి, కొనను ఏటవాలుగా కోసేవాడు. మందునీళ్లు పోసిన చిన్న ప్లాస్టిక్ సంచిలో ఆ కొనను ముంచి దారంతో కట్టేవాడు. తెల్లారేసరికి సంచి చదునుగా వేరుకు అంటుకుపోయి ఉండేది... చుక్క ఉండేది కాదు.

"వేరు కిందనుంచి అందిస్తాది, ఆకు పైనుంచి లాగుతాది. మజ్జిన మాను గొట్టంలాగ ఉంటాది. అంతేరా సెట్టంటే" అనేవాడు నాన్న. నాకు సైన్సు పాఠం అదే. ఏడో తరగతి తర్వాత బడికి వెళ్లలేదు. మిగతాది దొరికిన పుస్తకాల్లోంచి నేర్చుకున్నాను.

ఒక్కో సంచి మర్నాటికీ నిండుగానే ఉండేది. అప్పుడు నాన్న మొహం చూడలేకపోయేవాణ్ణి. తాగని చెట్టు బతకదనేవాడు. కింద వేళ్లు కుళ్లిపోతే పైన ఆకులు వాలిపోతాయి... మాను మీద ఎర్రటి జిగురు కారుతుంది. అప్పటికి చేసేదేమీ ఉండదు.

నాకు పదకొండేళ్లప్పుడు అమ్మ పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. పట్నం ఆసుపత్రిలో రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. నీళ్లు తగ్గించాలన్నారు. ఇంకా ఏమేమో చెప్పారట... నాన్న తలలో నీళ్ల మాట ఒక్కటే ఉండిపోయింది... అదీ, తప్పంతా నూతి నీళ్లదేనని.

అప్పటికే మా వీధిలో ఇద్దరు ఆ జబ్బుతో పోయారు. నూతి నీళ్లే కారణమని అందరూ అనుకునేవారు. అసలు ఎందుకొస్తుందో ఇప్పటికీ గట్టిగా చెప్పేవాళ్లు లేరు. నాన్న రెండు రోజులు తోటలో ఒక్కడే కూర్చున్నాడు. మూడోరోజు బొండాలు దింపించి ఇంటికి తెచ్చాడు.

"నూతి నీల్లు మానీ. వేరు ఒడకట్టి, అంత పొడుగు మాను ఒడకట్టి, కాయలోకి ఎక్కించిన నీల్లివి. ఇంతకంటే మంచివి ఎక్కడున్నాయి?" అన్నాడు అమ్మతో.

ఆ మాట నాకూ నచ్చింది. మందు కట్టిన చెట్టు కాయలు నెలన్నర దాకా ముట్టకూడదు కదా... నాన్న మందు తగలని చెట్లు చూసి మరీ దింపించేవాడు. అంత జాగ్రత్త మనిషి. పూటకొక బొండాం. కొట్టి, గ్లాసులోకి వంపి, అమ్మకు ఇవ్వడం నా పని.

అమ్మ నవ్వేది. "మీ నాన్న నన్నూ సెట్టే అనుకుంటన్నాడురా. రేపు నాకూ పాదు తవ్వి పేడ ఏస్తాడు, సూడు."

"ఏస్తాను. కాయలు కాయాల మరి" అనేవాడు నాన్న అరుగు మీద నుంచి.

కొన్నాళ్లకు అమ్మ కాళ్లలో సత్తువ పోయింది. గుమ్మం దాటాలంటే గోడ పట్టుకునేది. గుండె ఆగి ఆగి కొట్టుకుంటున్నట్టుందనేది. నీరసమేమోనని నాన్న పూటకు రెండు బొండాలు చేశాడు.

ఆ రోజు పొద్దున్న గ్లాసు తీసుకెళితే అమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఈ పూట ఒద్దురా నాయినా. నోటికి సయించడం నేదు."

తాగని చెట్టు బతకదన్న మాట నా బుర్రలో ఉంది. ఏడుపొచ్చింది. తాగమని బతిమాలాను. అమ్మ నా మొహం చూసి లేచి కూర్చుంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చుక్క మిగల్చకుండా తాగింది. ఖాళీ గ్లాసు బోర్లించి నాకు చూపించింది... సంచి చూసినట్టే చూశాను. సంబరపడ్డాను.

మధ్యాహ్నం అన్నాల వేళకు అమ్మ లేదు.

చాలా ఏళ్ల తర్వాత నాన్నకూ అదే జబ్బు వచ్చింది. మొదటిసారి డయాలసిస్‌కి తీసుకెళ్లినప్పుడు, ఏం తినకూడదో నర్సమ్మ చెబుతోంది. అరటిపండు వద్దంది. కొబ్బరినీళ్లు అసలే వద్దంది. వాటిలో పొటాషియం ఎక్కువట... ఈ జబ్బున్నవాళ్లకు గుండె ఆగిపోవచ్చంది.

నాన్న ఆమె వైపు తిరిగాడు.

"ఎప్పట్నించమ్మా?" అన్నాడు.

"ఏటి తాతా?"

"తాగకూడదని... ఎప్పట్నించి?"

ఆమెకు అర్థం కాలేదు. "ఈ జబ్బున్నోల్లు ఎప్పుడూ తాగకూడదు తాతా" అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. దారి పొడుగునా కొబ్బరితోటలే. ఆ చివరి గ్లాసు వద్దంటే నేనే తాగించానని ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత పుస్తకాలు వెతికి చదివాను. మేం పాదుల్లో వేసిన బూడిద, పొటాష్ ఎరువు... రెంటిలోనూ ఉన్నది ఆ పొటాషియమే. ఆ ఉప్పు చెట్టుకు ప్రాణం. వేరు దాన్ని ఏరి మరీ తీసుకుంటుంది. మాను మోస్తుంది. కాయ తన నీళ్లలో దాచుకుంటుంది. మన ఒంట్లో ఎక్కువైనదాన్ని కిడ్నీలు బయటికి పంపేస్తాయి. అమ్మవి పంపలేకపోయాయి. చెట్టులో ఏ భాగమూ తప్పు చేయలేదు.

అమ్మ ఆ నీళ్ల వల్లే పోయిందని ఎవరూ చెప్పలేరు... కాదని కూడా నాకెవరూ చెప్పలేదు.

ఆ తర్వాత నాన్న బతికింది ఏడాది. ఆ ఏడాదిలో ఒక్క వేరుకూ సంచి కట్టలేదు. తోటలో సగం చెట్లు తలలు వాల్చేశాయి. ఇప్పుడు మా వీధిలో ఇంటింటికీ నీళ్ల డబ్బాలు వస్తున్నాయి. నూతిలోకి చేద వేసేవాళ్లే లేరు. పొద్దున్నే చెట్టు మొదట్లో బోర్లా పడుకుని చూసే పిల్లలూ లేరు.

మీ ఇళ్లలోనూ ఎవరైనా, వద్దనుకున్నది మీ మొహం చూసి తాగినవాళ్లున్నారా... ఉంటే రాయండి.