తునికాకు రోజుల్లో ఆట

కబడ్డీ కోచ్‌గా ఉన్నన్నాళ్లూ ఆలస్యంగా వచ్చినవాళ్లను గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించాను. అది తప్పని ఎప్పుడూ అనిపించలేదు. మోకాలు దెబ్బతిన్నాక బూర్గంపాడు దగ్గర ఒక ఆటల కేంద్రానికి నన్ను ఇన్‌ఛార్జిగా వేశారు. అక్కడ సెలక్షన్లు లేవు, కప్పులు లేవు. సాయంత్రంపూట అడవి పక్క ఊరి ఆడవాళ్లు వచ్చి త్రోబాల్ ఆడుకునేవారు. పొలం, కూలి, ఇల్లు పోను వాళ్లకంటూ మిగిలిన గంట అదొక్కటే. నాకు మాత్రం అదీ ప్రాక్టీసులాగే కనిపించేది.

ఎండాకాలంలో బీడీలకు తునికాకు కోసే రోజుల్లో ఒకామె రోజూ ఆలస్యంగా వచ్చేది.

"టైమంటే టైమే అక్కా. రెండు రౌండ్లు కొట్టు," అన్నాను ఒకనాడు.

తమాషాకి అంటున్నానేమోనని నా మొహంలోకి చూసింది. నేను నవ్వలేదు. కొంగు నడుముకు చుట్టుకుని పరిగెత్తింది. మిగతావాళ్లు ఆట ఆపి చూస్తూ నిలబడ్డారు.

మర్నాడు ఒక్కరూ రాలేదు. ఆ మర్నాడూ అంతే. మొదట కోపం వచ్చింది. ఖాళీ గ్రౌండ్‌లో కూర్చోలేక చివరికి వాళ్ల ఊరికి పోయాను. ఆమె పందిరి కింద ఆకు కట్టలు కడుతోంది.

"ఏంది సార్, ఈడ గూడ రౌండ్లు కొట్టిపిస్తవా?" అంది పక్కన కూర్చున్న ముసలామె. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. రౌండ్లు కొట్టినామె మాత్రం నవ్వలేదు.

"తెల్లారకముందే అడవిలకు పోతం," అంది తలెత్తకుండా. "ఎండెక్కినంక మోపు నెత్తిన పెట్టుకొని వస్తం. కట్టలు గట్టి, ఆకు కొనే కల్లంల అప్పజెప్పి, అప్పుడు మీ తానకు వస్తం. ఆడుకుందామని వచ్చిన సార్ నేను. ఉరుకుడు పొద్దుగాల నుంచి అయితనే ఉన్నది."

ఇన్నేళ్లు ఈ జిల్లాలోనే బతికాను. ఆకు పని ఎట్లా ఉంటుందో తెలియనివాణ్ని కాదు. ఆమె ఎక్కణ్ణుంచి వస్తోందో అడగాలని మాత్రం తోచలేదు.

"తప్పు నాదే అక్కా," అన్నాను.

"సరే తియ్," అంది. వస్తానని అనలేదు.

వారం గడిచాక నలుగురైదుగురు వచ్చారు, వాళ్లతో ఆమె కూడా. అప్పటికే పొద్దు వాలింది. ఆమె బంతి ముట్టుకోలేదు. గీత బయట కాళ్లు చాపుకుని కూర్చుని పక్కామెతో ముచ్చట పెట్టింది. లేచి ఆడమని చెప్పబోయి ఆగిపోయాను. మంచినీళ్ల క్యాన్ తీసుకెళ్లి వాళ్ల దగ్గర పెట్టి వచ్చాను.