వకీలమ్మ బిల్లులో ఎర్ర దారం

వకీలమ్మ పోయారన్న కబురు గురువారం పొద్దున మా పత్రిక ఆఫీసు ఫోనుకు వచ్చింది. చేసింది హన్మకొండ కోర్టులో ఆమె జూనియరు. "అన్నా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, పేపర్ అడిగింది. నేను తెచ్చేటాల్లకు..." అని ఆగిపోయాడు. ఆమె పేరు, వయసు, ఎన్నిసార్లు శాసనసభకు ఎన్నికయ్యారు, అంత్యక్రియలు ఎప్పుడు అన్నవి రాసి డెస్కుకు ఇచ్చాను. ప్రూఫు వచ్చేసరికి ఎవరో 'ఆవేశపూరిత ప్రసంగాలకు పేరుపొందిన' అని చేర్చారు. ఆ మాటలు కొట్టేశాను. ఎందుకని డెస్కులో అడిగారు. అప్పుడు చెప్పే తీరిక లేదు. ఇప్పుడు చెబుతాను.

ఆమెను పేరుతో పిలిచినవాళ్ళు వరంగల్‌లో తక్కువ. నల్లకోటు వేసుకుని జిల్లా కోర్టు మెట్లెక్కిన రోజుల్లో వకీలమ్మ అన్నారు. డెబ్బైలలో ఎమ్మెల్యే అయ్యాకా అదే పిలుపు, ఎనభైలలో ఓడిపోయాకా అదే పిలుపు. సమావేశాలకు ఆర్టీసీ బస్సులోనే హైదరాబాదు వచ్చేవారు. నేను అప్పుడు శాసనసభ వార్తలు రాసేవాణ్ణి. మా జిల్లా సభ్యులు ఎక్కువగా రోడ్ల గురించి, బదిలీల గురించి మాట్లాడేవారు. ఆమె దవాఖానల గురించి, చట్టాల గురించి మాట్లాడేవారు. ఒకే మంచం మీద పడుకోబెట్టిన ఇద్దరు బాలింతలు, మందులు లేని పల్లె ఆరోగ్య కేంద్రాలు, మనోవర్తి ఇమ్మని కోర్టు చెప్పాక కూడా 'చిరునామాలో మనిషి లేడు' అని తిరిగొచ్చే కాగితాలు. ప్రతిదానికీ ఊరు చెప్పేవారు, మనిషిని చెప్పేవారు. ఏ సెక్షను మారిస్తే అది మారుతుందో చెప్పి కూర్చునేవారు.

ఆమె చేతిలోని బిల్లు ప్రతి మాత్రం సభలో మరెవరి చేతిలోనూ ఉండని తీరున ఉండేది. పేజీల అంచుల నుంచి రంగురంగుల దారాలు వేలాడేవి. ఒకరోజు ఎదుటి వరుసలోంచి ఒక సభ్యుడు, "అమ్మా, అది బిల్లా, జంపఖానానా?" అన్నాడు. సభ నవ్వింది.

"జంపఖానానే," అన్నారు ఆమె. "కింద పరిస్తె మీరు కూసుంటరు. గందుకే చేతిల పట్టుకున్న."

ఈసారి సభ ఇంకా గట్టిగా నవ్వింది. ఆ సభ్యుడు కూడా నవ్వాడు.

ఆ దారాలు వరంగల్‌లో నేతగాళ్ళ పేట కొత్తవాడవి. బిల్లు ప్రతి చేతికి వచ్చిన తర్వాతి ఆదివారం ఆమె కొత్తవాడలో ఒక జంపఖానాల మగ్గం ఇంటి వసారాలో కూర్చునేవారు. ఆడవాళ్ళు రాట్నాల మీద కండెలు చుడుతుంటే బిల్లును ఒక్కో క్లాజు చదివి, వాళ్ళ మాటలో మళ్ళీ చెప్పేవారు. పని ఆపమని ఎప్పుడూ అనలేదు. రాట్నం చప్పుడు ఎక్కడ ఆగితే అక్కడ తల ఎత్తేవారు. ఆగిందంటే ఎవరికో ప్రశ్న వచ్చినట్టు. ఆ పేజీకి సూదితో చిల్లు పొడిచి ఒక దారం ముడివేసేవారు. సభలో ఆ ప్రశ్నకు జవాబు వస్తే వచ్చే ఆదివారం ముడి విప్పేవారు. రాకపోతే అది అలాగే ఉండేది.

నేను రెండుమూడుసార్లు అక్కడికి వెళ్ళాను. 'ప్రతి ఆస్పత్రి రోగులకు తగిన సదుపాయాలు కల్పించవలెను' అని చదవగానే ఎల్లవ్వ అనే పెద్దామె రాట్నం ఆపింది.

"తగిన అంటె ఎవలకు తగిన, వకీలమ్మా? డాక్టరుకా, నాకా?"

"గది రాయలే ఎల్లవ్వా."

"రాయకుంటె రాయించు. గెలిపిచ్చింది ఎందుకు మల్ల?"

అది ఆస్పత్రుల నిర్వహణ గురించిన బిల్లు. ఆ ఆదివారమే దాన్ని చివరిదాకా చదివారు. రిజిస్టర్లు, రుసుములు, తనిఖీలు అన్నీ ఉన్నాయి. చదవడం అయిపోయాక ఎల్లవ్వ రాట్నం మళ్ళీ ఆగింది.

"నా కొడుకు ముచ్చట ఇండ్ల ఏడున్నది?"

ఆమె పెద్దకొడుకును కొంతకాలం ముందు వరంగల్‌లోనే కాశిబుగ్గ దగ్గర లారీ గుద్దింది. రిక్షాలో వేసుకుని ఒక దవాఖానకు తీసుకుపోయారు. పోలీసు కాగితం లేనిదే ముట్టుకోబోమన్నారు. చిన్నకొడుకు ఠాణాకు ఉరికాడు. గుద్దిన చోటు తమ హద్దులోకి రాదని అక్కడివాళ్ళు ఇంకో ఠాణాకు పంపారు. కాగితం తెచ్చేసరికి అన్న రిక్షాలోనే చనిపోయి ఉన్నాడు.

వకీలమ్మ బిల్లును మొదటి నుంచి మళ్ళీ తిరగేశారు. "లేదు ఎల్లవ్వా," అన్నారు.

ఎల్లవ్వ తన రాట్నం మీది ఎర్ర దారం పుటుక్కున తెంపింది. బిల్లు తీసుకుని తానే ముడివేసింది. "ఇది నేను కట్టిన. నువ్వు ఇప్పకు. పని అయినంక నేనే ఇప్పుత."

సభలో చర్చ మొదటిరోజు వకీలమ్మ ఒక సవరణ ప్రతిపాదించారు. గాయపడ్డ మనిషిని తెస్తే ముందు చికిత్స, ఆ తర్వాతే పోలీసు కాగితం. ఆలస్యం చేసినవాళ్ళు చట్టం ముందు జవాబు చెప్పాలి. సవరణ చదివి, కళ్ళద్దాలు తీసి, కొత్తవాడ మాటలోనే అడిగారు. "కాయితం వచ్చింది. మనిషి పోయిండు. ఇప్పుడు ఆ కాయితం ఎవలకు ఇయ్యాలె?"

ప్రెస్ గ్యాలరీలోంచి నాకు కళ్ళద్దాలు తీయడం కనబడింది. చేయి కంటి దగ్గరికి పోవడం కనబడింది. 'కంటతడి పెట్టిన మహిళా సభ్యురాలు' అని రాశాను. మొదటి పేజీలో వచ్చింది. సవరణ సంగతి వార్త చివరన రెండు పంక్తులకు కుదించుకుపోయింది.

మర్నాడు ఆరోగ్యమంత్రి జవాబు చెబుతూ ఆ పత్రికే చేతిలోకి తీసుకున్నారు. సోదరి కన్నీళ్ళ గురించి చదివి తన మనసు కలతపడిందన్నారు. ఆడవారి హృదయం మెత్తనిదన్నారు. చట్టం హృదయంతో నడవదన్నారు. అధికారులకు తగిన ఆదేశాలిస్తానని హామీ ఇచ్చి, సవరణ ఉపసంహరించుకోమని కోరారు. జవాబు చెప్పవలసిన ప్రశ్న నా వాక్యం వెనక్కి వెళ్ళి దాక్కుంది.

వకీలమ్మ లేచారు.

"పత్రికల రాసింది తప్పు. నేను ఏడ్వలే. ఏడ్చినా సవరణ సవరణే. నా కండ్ల సంగతి పక్కకు పెట్టి క్లాజు సంగతి చెప్పుండ్రి. వాపస్ తీసుకోను. ఓడగొట్టుండ్రి. కానీ ఎవరు ఓడగొట్టిండ్రో రికార్డుల ఉండాలె."

మూజువాణి ఓటు సరిపోదని, ఎవరు ఎటో లెక్క తేలే డివిజన్ కావాలని పట్టుబట్టారు. స్పీకరు కూర్చోమని గంట మోగించారు. ఆమె ఒప్పుకోలేదు. చివరికి సవరణకు వ్యతిరేకమైనవాళ్ళు వరుసలవారీగా లేచి నిలబడవలసి వచ్చింది. కొందరు నేల చూస్తూ లేచారు. ముందు రోజు ఆమె ప్రశ్నను మెచ్చి బల్లలు చరిచినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. ఆమె నిలబడి ఒక్కొక్కరి ముఖమే చూశారు. సవరణ ఓడిపోయింది.

సాయంత్రం లాబీలో నేనే ఎదురుపోయాను.

"తమ్మీ, అద్దాలు ఎందుకు తీసిన్నో నన్ను అడగకపోతివి?"

"తప్పయింది అక్కా."

"అవి చదువుకునే అద్దాలు. అవి పెట్టుకుంటె మంత్రి మొఖం మసక మసక కనబడ్తది. గా ప్రశ్న అడిగినప్పుడు ఆయన మొఖం నాకు మంచిగ కనబడాలె." ఆ వెంటనే, "కంట్ల నలుసు కూడ పడ్డది. గది రాసినా సరిపోతుండె," అని నవ్వారు.

దిద్దుబాటు వేయించాను. లోపలి పేజీలో, ధాన్యం ధరల కింద వచ్చింది. "తప్పు మొదటి పేజీల, దిద్దుబాటు వడ్ల కింద. మంచిగున్నది నీ పేపర్," అన్నారు. తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. నేను మాత్రం ఆ రోజు నుంచి ఎవరి కంటి గురించీ అడగకుండా రాయలేదు.

మంత్రి హామీ ప్రకారం ఆస్పత్రులకు ఒక సర్క్యులరు వెళ్ళింది. ఆమె దాన్ని కొత్తవాడలో చదివి వినిపించారు. ఎల్లవ్వ రాట్నం ఆపకుండానే విన్నది. "దవాఖాన గేటుకాడి జవాను దాక వచ్చిందా గీ కాయితం?" అని అడిగింది. రాలేదు. ముడి అలాగే ఉంది.

తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయారు. ఇక సభలో అడిగే వీలు లేదు కాబట్టి దవాఖాన గేటు దగ్గర అడిగారు. ఎవరికి దెబ్బ తగిలినా కొత్తవాడ నుంచో ఖిలా వరంగల్ నుంచో మనిషి వచ్చేవాడు. ఆమె ఆ బిల్లు ప్రతి చేతపట్టుకుని రిక్షా ఎక్కేవారు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. డ్యూటీ డాక్టరు రూల్సు చెప్పబోయాడు. ఆమె బెంచీ మీద కూర్చుని కలం తీశారు.

"నువ్వు ముందు సూది పట్టు బిడ్డా. కాయితం నేను రాసిస్త. ఏమన్నయితె నా మీద కేసు పెట్టు. నేను వకీలును, వాదించుకుంట."

ఆ డాక్టరు సూది పట్టాడు. అందరూ పట్టలేదు. పట్టనివాళ్ళ మీద కోర్టులో ఆమె వేసిన కేసులు ఇంకా నడుస్తున్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం హన్మకొండలో ఆమె ఇంటి ముందు మాజీ సభ్యులు, వకీళ్ళు, దండలు. జూనియరు బీరువాలోంచి బిల్లు ప్రతి తెచ్చాడు. ఆమెతోపాటు చితిలో పెడదామని అతని ఆలోచన. మిగతా దారాలన్నీ ఎప్పుడో పోయాయి. ఎర్రది ఒక్కటే ఉంది, వెలిసిపోయి. పోయే మనిషి వెంట ముడి ఎందుకు, విప్పి పెట్టండని బంధువుల్లో పెద్దాయన ఒకరు అన్నారు. జూనియరు వేళ్ళు ముడి మీదికి వెళ్ళాయి.

"ఆగు బిడ్డా!"

ఎల్లవ్వ. నడుము బాగా వంగింది. కొత్తవాడ ఆడవాళ్ళను తోసుకుంటూ ముందుకు వచ్చింది.

"ఎవలు ఇప్పమన్నరు? పని అయిందా?"

జూనియరు చేయి వెనక్కి తీసుకున్నాడు. అక్కడ ఆనాడు సభలో సవరణకు వ్యతిరేకంగా లేచి నిలబడ్డవాళ్ళు ఇద్దరు ఉన్నారు.

"కాని పనిని కట్టెలల్ల ఎందుకు ఏస్తరు? ఇటియ్యి. మల్ల ఓట్లకు ఎవడన్న వస్తడు గద కొత్తవాడకు. గాయినతోని సదివిస్త."

పాడె లేచింది. ఎల్లవ్వ వకీలమ్మ పాదాలు ఒకసారి ముట్టుకుని, బిల్లును చంకలో పెట్టుకుని మూలమలుపు దాకా నడిచింది. అక్కడి నుంచి పాడె ఒకవైపు సాగింది. ఆమె కొత్తవాడ వైపు తిరిగింది. నేను కొంచెంసేపు అక్కడే నిలబడ్డాను. చంక కింద నుంచి ఎర్ర దారం వేలాడుతోంది, అడుగు పడ్డప్పుడల్లా ఊగుతోంది.