అదే దస్తూరి

నా దస్తూరి బాగుంటుంది. చిన్నప్పటి నుంచి అందరూ మెచ్చుకున్నది అదొక్కటే. ఇరవై ఏళ్ళుగా నన్ను లోపల్లోపల తినేస్తున్నదీ అదే. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యమే ఉంటే సంగతి ఇంత దూరం వచ్చేది కాదు.

చలపతి మాస్టరు పోయి నలభై రోజులైంది.

మా బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, అందులోనూ కోరమండల్ పేట వైపు, ఆయన్ని ఎరగనివాళ్ళు తక్కువ. గనిలో పని చేసినన్నాళ్ళూ కంపెనీ జట్టులో హాకీ ఆడారు. గని మూసేశాక బార్ పెట్టుకున్నారు. బోర్డు మీద ఏదో దేవుడి పేరుండేది కానీ జనానికి మాత్రం అది మాస్టర్ బార్. పొద్దున ఐదున్నరకి గ్రౌండ్‌లో మాకు హాకీ నేర్పేవారు, పదకొండుకి బార్ తలుపులు తీసేవారు. బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ పక్కనే గ్రౌండ్. గాలి వీస్తే ఆ తెల్లదుమ్మంతా నోట్లోకి వచ్చేది. నోరు మూసుకుని పరిగెత్తండ్రా అని ఆయన నోరు తెరిచి అరిచేవారు, దగ్గేవారు, మళ్ళీ అరిచేవారు. మేం విరగ్గొట్టిన కర్రలు బార్ కౌంటర్ కింద పెట్టుకుని, గిరాకీ లేనప్పుడు వాటికి బంక పూసి దారం చుట్టేవారు.

ఆయన చుక్క ముట్టేవారు కాదు. జట్టులో ఎవడూ బార్ గడప తొక్కకూడదన్నది ఆయన మొదటి రూలు. బార్ నడిపే మనిషి పిల్లలకి ఆట నేర్పడమేమిటని స్కూలు పెద్దలకి మొదటి నుంచీ ఉండేది. అయినా జట్టు గెలుస్తోంది, ఆయన జీతం అడగడు. అందుకని చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

మా నాయన ఆ స్కూల్లోనే క్లర్కు. పరీక్షల ముందు, పోటీల ముందు, స్టడీ సర్టిఫికెట్లు కట్టలు కట్టలుగా రాయాల్సి వచ్చేది. ఆఫీసులో తెమలక ఇంటికి తెచ్చేవారు. కింద కూర్చుని నేనూ ఒక చెయ్యి వేసేవాణ్ణి. పేరు, తండ్రి పేరు, తరగతి, పుట్టిన తేదీ. నా ఇంగ్లీషు అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయని నాయనకి గర్వం. మర్నాడు వాటి మీద సీలు పడేది, హెడ్‌మాస్టరు సంతకం పడేది. ఎవరూ ఒక్కొక్కటీ తిప్పి చూసేవారు కాదు.

ఆ ఏడు పదిహేడేళ్ళ లోపు పిల్లల పోటీలు కోలార్‌లో పెట్టారు. నాకు రెండు నెలలు ఎక్కువ. నువ్వు ఆడటానికి లేదని మాస్టరు ముందే చెప్పారు. వచ్చే ఏడు పెద్దవాళ్ళ జట్టులో ఆడుదువులే అని సముదాయించారు కూడా. జట్టులో మిగతా పద్నాలుగు మందీ వెళ్తున్నారు, నేను ఇంట్లో కూర్చోవాలి. ఆ రాత్రి నా సర్టిఫికెట్ నేనే రాసుకున్నాను. పుట్టిన సంవత్సరంలో ఒక అంకె మార్చాను. అది కూడా అందంగానే రాశాను. మర్నాడు కట్టతో పాటు సీలు వేయించుకుని వచ్చింది.

పాత కాగితంలో తేదీ తప్పుపడిందని, నాయన సరిచేయించారని మాస్టరుకి చెప్పాను. ఆయన నమ్మారు. ఎందుకు నమ్మకూడదు? క్లర్కు కొడుకుని.

సెమీస్ గెలిచాం. గెలిచిన సాయంత్రమే అవతలి జట్టువాళ్ళు నా పదో తరగతి మార్కుల కార్డు జిరాక్సు తెచ్చి కమిటీ ముందు పెట్టారు. రెండు తేదీలు కలవలేదు. షామియానా కింద మాస్టర్ని నిలబెట్టి, ఇది ఎవరు చేయించారని అడిగారు. ఆయన సర్టిఫికెట్ చేతిలోకి తీసుకున్నారు. ఇంగ్లీషు చదవడం ఆయనకి రాదు. అయినా చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు ఒక్కసారి చూశారు. నేనే చేయించినాను, సీలు కూడా నేనే చేయించినాను, స్కూలువాళ్ళకి తెలీదు అన్నారు.

నేను అక్కడే ఉన్నాను. నాలుగడుగుల దూరంలో. నోరు పెగల్లేదు అని రాయబోయి ఆగాను. నోరు పెగలకపోవడం కాదు, నేను తెరవలేదు. బార్ ఓనరు మాట కాబట్టి అందరూ ఇట్టే నమ్మేస్తారని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. నమ్మేశారు కూడా. సారాయి అమ్ముకునేవాడు ఇంకేం చేస్తాడులే అని వెనక ఎవరో అన్నారు. నాకు ఆ మాట విని ఒళ్ళు మండాలి కదా? గుండె కుదుటపడింది.

తప్పు ఒప్పుకుంటూ రాసిస్తే పోలీసుల దాకా పోమని కమిటీ అంది. మాస్టరు చిత్తూరు వైపు ఏదో పల్లెలో నాలుగో క్లాసు దాకా తెలుగులో చదివి గనికి వచ్చిన మనిషి. సంతకం తెలుగులో పెడతారు, అంతవరకే. మర్నాడు పొద్దున నన్ను బార్‌కి రమ్మని కబురు పెట్టారు. ఆ గడప తొక్కడం నాకదే మొదలు. ఇంకా తెరవలేదు. బల్లలన్నీ ఫినాయిల్ వాసన. ఒక బల్ల గుడ్డతో తుడిచి, నిమ్మకాయ సోడా ఒకటి, చెనక్కాయలు కొన్ని నా ముందు పెట్టారు. పక్కన తెల్లకాగితం.

"రాయప్పా. నేను చెప్తాను, నువ్వు ఇంగ్లీషులో రాయి."

"ఏం రాయాల మాస్టర్?"

"సర్టిఫికెట్ నేనే చేయించినాను. సీలు నేనే చేయించినాను. పిల్లోడికి తెలీదు, స్కూలుకి తెలీదు. అంతే."

"మాస్టర్, అది నేను..."

"తెలుసప్పా. నీ రాత నాకు తెలీదా? మ్యాచ్ మ్యాచ్‌కీ టీం లిస్టు రాసిస్తా ఉండేది నువ్వే గదా. చదవను రాకపోతే ఏం, చూడను రాదా?"

"మరి ఎందుకు మాస్టర్ మీరు..."

"మీ నాయన చేతిమీదుగా వచ్చిండే కాగితం అది. ఉద్యోగం పోతే యాడికి పోతారు మీరంతా? నాకైతే ఇంగ బార్ ఉండాది." సోడా నా వైపు జరిపి మళ్ళీ అన్నారు. "ఒగటి మాత్రం చెయ్యి. మీ నాయన రిటైర్ అయినాక ఆ పద్నాలుగు మందికీ చెప్పు. ఊరోళ్ళు ఏమన్నా అనుకోనీ. నా పిలకాయలు మాత్రం నేను మోసం చేసినానని అనుకోకూడదు."

"చెప్తాను మాస్టర్."

"ఊ. తప్పుల్లేకుండా రాయి."

రాశాను. మార్జిన్ గీసి మరీ రాశాను. ఆయన కింద తెలుగులో సంతకం పెట్టి, నా తల మీద చెయ్యి వేసి, సోడా తాగమన్నారు. తాగాను.

సర్టిఫికెట్, ఆ ఉత్తరం పక్కపక్కన పెడితే చాలు. ఒకే చెయ్యి అని చిన్నపిల్లాడైనా చెప్తాడు. ఎవరూ పెట్టలేదు. జట్టుని పోటీ నుంచి తీసేశారు. ఏ స్కూలు జట్టుకీ మాస్టరు ఇక నేర్పకూడదన్నారు. తనకి బార్ ఉందని మాస్టరు నాతో అన్నారు కానీ, ఆయనకున్నది గ్రౌండేనని నాకు అప్పుడు తెలియదా? తెలుసు. ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు పొద్దున ఐదున్నరకి గ్రౌండ్ గోడ అవతల నిలబడి ఉండేవారు. ఎవరో కొత్త సారు పిల్లల్ని పరిగెత్తిస్తుంటే చూసి, ఆరున్నరకి వెళ్ళిపోయేవారు. ఆ గోడ దగ్గర ఆయన్ని చూసి నేను దారి మార్చుకునేవాణ్ణి.

మా కెప్టెన్ సెల్వం. మా అందరిలోకి ఆటగాడంటే వాడే. ఆ పోటీల్లో బాగా ఆడితే స్పోర్ట్స్ హాస్టల్‌కి తీసుకుంటామని వాడికి చెప్పి ఉన్నారు. జట్టు పోయింది, అదీ పోయింది. ఇప్పుడు మా కేజీఎఫ్‌లోనే ఊరిగాం స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. నేను బెంగళూరులో ఉద్యోగానికి రోజూ ఆ స్టేషన్‌లోనే రైలెక్కుతాను. రోజూ చెయ్యి ఊపుతాడు. మాస్టర్‌తో మాత్రం వాడు ఇరవై ఏళ్ళు మాట్లాడలేదు. వాడి ఆటో బార్ ముందు నుంచి పోతుంటే కౌంటర్ వెనక కూర్చున్న మాస్టరు లేచి నిలబడేవారట. బార్‌లో పనిచేసే ఆయన చెప్పాడు.

నాయన రిటైరయ్యారు. ఆ నెలలోనే మాస్టరు స్టేషన్ బయట ఎదురుపడ్డారు.

"మీ నాయన రిటైర్ అయినాడంట గదప్పా?"

"అయినాడు మాస్టర్. పెన్షన్ కాగితాలు ఇంగా కాలేదు."

"అట్లనా. కానీలే, కానీ."

మళ్ళీ అడగలేదు. పెన్షన్ కాగితాలు మూడు నెలల్లో అయిపోయాయి. నేను కిమ్మనలేదు. అప్పుడు నాయన పరువు అనుకున్నాను. నాయన పోయారు. అప్పుడు నా ఉద్యోగం, నా పెళ్ళాం, నా పిల్లలు ఏమనుకుంటారు అనుకున్నాను. సాకులకేం, వెతికితే దొరుకుతూనే ఉంటాయి. ఆ తర్వాత మాస్టరు కనిపించినప్పుడల్లా, బాగుండావా అప్పా అని అడిగేవారు. అంతే అడిగేవారు. ఆ అంతేలో నాకు ఎంత చెమట పట్టేదో మీకు చెప్పలేను.

ఇక్కడితో ఆపేస్తే మీరు నన్ను కొంచెం జాలిగా చూస్తారేమో. చిన్నవాడు, భయపడ్డాడు, ఆయనే రాయమన్నాడు అని. ఇరవై ఏళ్ళుగా నన్ను నేను జోకొట్టుకున్నది ఆ మాటలతోనే. కానీ ఇంకొకటుంది. ఇది మాస్టరుకి కూడా తెలియదు.

ఆ ఉత్తరంలో ఆయన చెప్పని వాక్యం ఒకటి నేను రాశాను. ఆయన చెప్పినవి నాలుగు ముక్కలు. కాగితం మీద అవి బోసిగా కనిపించాయి. ఎందుకు చేశావని కమిటీ మళ్ళీ అడిగితే? మళ్ళీ ఎవరైనా తవ్వితే? అందుకని చివర నేనే చేర్చాను. గెలుపు మీద ఆశతో పిల్లల్ని మోసానికి వాడుకున్నాను, సిగ్గుపడుతున్నాను అని. సంతకానికి ముందు ఆయనకి తెలుగులో చదివి వినిపించినప్పుడు ఆ వాక్యం వదిలేశాను. ఆయన నన్ను నమ్మి సంతకం పెట్టారు. ఇది రెండోసారి నమ్మడం.

కమిటీ ఆ ఉత్తరాన్ని జట్టు ముందు చదివింది. పద్నాలుగు మంది పిల్లలు, నా పిలకాయలు మాత్రం అలా అనుకోకూడదని ఆయన ఎవర్ని గురించి అన్నారో వాళ్ళే, సరిగ్గా ఆ వాక్యాన్నే విన్నారు. ఇంగ్లీషులో చదివి, కన్నడంలో చెప్పారు. మాస్టరు షామియానా బయట, దూరంగా నిలబడి ఉన్నారు. ఆయనకి వినపడలేదు. సెల్వం బయటికి వచ్చి ఆయన కాళ్ళ ముందు కర్ర పారేసి వెళ్ళిపోయాడు. ఎందుకో ఆయనకి చచ్చేదాకా అర్థమై ఉండదు. జట్టు పోయిన కోపం అనుకుని ఉంటారు.

పోయిన వారం ఊరిగాంలో సంతాప సభ పెట్టారు. మాస్టరు గురించి నాలుగు మాటలు రాసి చదవమని నన్నే అడిగారు. దస్తూరి బాగుంటుంది కదా, భాష బాగుంటుంది కదా. కుదరదని అనొచ్చు. అనలేదు. అంటే ఎందుకని అడుగుతారని భయం. రాయడానికి కూర్చుంటే, ఊరందరికీ తెలిసిన ఆ గొడవ గురించి ఒక్క ముక్కా లేకపోతే బాగుండదనిపించింది. రాశాను. గెలుపు మీద ఆశతో ఒక్కసారి తప్పటడుగు వేసినా, మాస్టరు మనసు బంగారం అని. మా ఊళ్ళో బంగారం అన్న మాట ఎవరికి పడితే వాళ్ళకి వాడేస్తాం. తప్పటడుగు అన్న మాట మాత్రం నేను ఏరి ఏరి పెట్టాను. చేసింది నేను, క్షమించింది కూడా నేనే. ఇంతకన్నా సిగ్గులేనితనం ఉంటుందా? మైకు ముందు నిలబడి తల ఎత్తకుండా చదివాను. జనం దుఃఖమనుకున్నారు.

తర్వాత సెల్వం లేచాడు. ఇరవై ఏళ్ళు మనసులో పెట్టుకున్నాను, ఇంగ మనిషే లేడు, మాస్టర్ని క్షమించేసినాను అన్నాడు. అని ఏడ్చాడు. సభ అయిపోయాక నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుని, "బాగా రాసినావప్పా" అన్నాడు.

ఆ మాట దగ్గర నుంచి నాకు అన్నం సయించడం లేదు.

అందుకే ఇది టైపు చేయకుండా చేత్తో రాస్తున్నాను. ముక్కూ మొహం తెలియని మీ కోసం ఒకటి, జట్టువాళ్ళ కోసం దీనికి నకళ్ళు పద్నాలుగు. మొదటిది, ఈ చివరి మాటలు లేకుండానే, నిన్న పొద్దున రైలెక్కే ముందు సెల్వం ఆటో సీటు మీద పెట్టి వచ్చాను. టీం లిస్టుల్లో నా రాత వాడికి తెలుసు, కింద పేరు అక్కర్లేదు. ఇవాళ స్టేషన్ దగ్గర వాడి ఆటో లేదు. రేపు ఉంటుందో లేదో, ఉంటే చెయ్యి ఊపుతాడో లేదో. ఊపకపోతే అడిగే మొహం నాకు లేదు. వినాల్సిన మనిషి మట్టిలో ఉన్నాడు, ఇప్పుడు చెప్పి ఏం లాభమని మీరనొచ్చు. నిజమే, లాభం లేదు. రాత్రి మాత్రం చాలా రోజుల తర్వాత నిద్రపట్టింది.

ఒప్పుకోలు రాయడం నాకిది రెండోసారి. మొదటిసారి రాసింది అబద్ధం. అంకె మార్చింది నేను. ఆ ఉత్తరం రాసింది నేను. గెలుపు మీద ఆశ అన్న మాట నాది. మాస్టరు సంతకం మాత్రమే పెట్టారు.