కిటికీకి ఎదురుగా మేపుల్ మొక్కలు

డ్యూసెల్‌డార్ఫ్‌లో మా ఇంటి వెనక జపాన్ తోట వేస్తున్నానని ఉగాది భోజనాల దగ్గర అందరికీ చెప్పాను. ముప్పై రకాల మేపుల్ చెట్లు, మధ్యలో వాగు, వాగు మీద చెక్క వంతెన. చూడ్డానికి ఎప్పుడు రమ్మంటారని ఒకాయన అడిగితే, వంతెనకి వేసిన రంగు ఆరాలన్నాను.

నిజానికది మా అమ్మాయి అద్దెకుంటున్న ఇంటి పెరడు. రెండు మంచాలు వేస్తే నిండిపోతుంది. మొక్కలు మూడు. వాగు లేదు, నీళ్ళ గొట్టం ఉంది.

ఆ మొక్కలు మా ఆవిడ కోసం. వైద్యం ఇక పనిచెయ్యదని చెప్పాక ఆమెని కింది గదిలో పెరటి కిటికీ పక్కన, అద్దెకి తెచ్చిన ఆసుపత్రి మంచం మీదికి మార్చాం. అంతకు ముందటేడు పార్కులో ఎర్రబడ్డ జపనీస్ మేపుల్ ఆకుల్ని చూసి, "గోరింటాకు పెట్టుకున్న చేతుల్లా ఉన్నాయండీ" అంది. ఆ మాట పట్టుకున్నాను. ఆకులు ఎర్రబడేది అక్టోబరులో. అప్పటిదాకా ఉంటుందా అని అడిగితే డాక్టరు నేలకేసి చూశాడు.

ప్లాను నేనే వేశాను. మంచం మీద ఆమె పక్కన ఇరుక్కుని, ఆమె దిండు మీదే తల పెట్టి, కిటికీలోంచి ఏది ఎక్కడ కనపడాలో చూశాను. బయట మా అల్లుడు ఇల్లు తుడిచే కర్ర నిలువుగా పట్టుకుని మొక్కలా నిలబడ్డాడు.

"ఎడమకి! ఇంకా ఎడమకి!"

"మావయ్యగారూ, ఇంకా జరిగితే పక్కింటివాళ్ళ గార్టెన్‌లో ఉంటాను. నాకు మీటింగుందండీ."

"పొట్టిదాన్ని ముందు పెట్టండి," అంది మా ఆవిడ. "పొడుగుది అడ్డొస్తే వెనకవాళ్ళకి సినిమా కనపడదు."

మూడోది కిటికీలో ఇమడలేదు. దాన్ని కుండీతోనే సైకిళ్ళ షెడ్డు వెనక వదిలేశాం.

మొక్కలమ్మినాయన జర్మన్‌లో చాలాసేపు చెప్పాడు. అమ్మాయి దాన్ని తెలుగు చేసింది. "మొదలు దగ్గర నీళ్ళు నిలవకూడదట నాన్నా. వేళ్ళు కుళ్ళిపోతాయట. పైమట్టి ఆరితేనే పొయ్యాలట."

"కోనసీమలో పదెకరాల కొబ్బరితోట పెంచినవాడికా చెబుతున్నావు?"

పదెకరాలు కాదు. దొడ్లో నాలుగు చెట్లు. వాటికి నీళ్ళు పోసింది మా అమ్మ.

అయినా మొక్క నాటి పాదు చెయ్యకుండా చెయ్యి ఊరుకోదు. రెండింటి చుట్టూ పళ్ళేల్లా తవ్వి, గట్లు కట్టి, పొద్దున్నే గొట్టం పెట్టి నింపేవాణ్ణి. ఆ వేసవంతా వానలే. గొడుగేసుకుని మరీ పోశాను.

"వానలో నీళ్ళేంటి నాన్నా?"

"వాన నీళ్ళు వేరు, మనం పోసేవి వేరు."

తేడా ఏమీ లేదు. మందు మత్తు వదిలి ఆమె మూలిగే వేళ అది. గొట్టం చేతిలో ఉన్నంతసేపూ గదిలో కూర్చోనక్కర్లేదు.

"అవి తాగింది చాల్లెండి, లోపలికి రండి," అని కిటికీలోంచి పిలిచేది.

"వస్తున్నా, ఈ పాదు నిండనీ," అనేవాణ్ణి.

ఆగస్టు చివర్లో ఆకుల కొనలు మాడాయి. తరవాత ఆకులన్నీ వేలాడిపోయి, అక్కడక్కడ ఎర్రబడ్డాయి. గట్టు తెంచితే మురుగు వాసన కొట్టింది. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాను.

"చూశావుటే, నీ కోసం ముందే ఎర్రబడ్డాయి. ఈసారి చలి తొందరగా వస్తోందట."

ఆమె బయటికి చూసింది.

"కిటికీ తీసే ఉందండీ. వాసన నాకూ వస్తోంది," అంది. నేను గుమ్మం వైపు తిరిగాను. "ఇంక పొయ్యడానికేం లేదుగా. కూర్చోండి."

కూర్చున్నాను.

సెప్టెంబరులో పోయింది. ఆఖరిదాకా ఆమె చెయ్యి వదల్లేదని అందరితో చెబుతుంటాను. వదిలాను. టీ పెట్టుకొస్తానని లేచి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వెలిగించకుండా నిలబడేవాణ్ణి.

అక్టోబరులో ఆ రెండు ఎండుకర్రల్నీ పీకేద్దామని పార కోసం షెడ్డు వెనక్కి వెళ్ళాను. కుండీలో మూడోది నిండుగా, ఎర్రగా ఉంది. వాన తప్ప దానికెవరూ నీళ్ళు పొయ్యలేదు.

అల్లుడు కూడా వచ్చి చూశాడు. "కిటికీ ముందుకి జరుపుదామా మావయ్యగారూ?"

అప్పటికి మంచం ఆసుపత్రి సామాన్లవాళ్ళకి తిరిగిచ్చేశాం. ఆ గదిలో ఇస్త్రీ బల్ల వేసి ఉంది.

"వద్దులే," అన్నాను. "నువ్వా పార ఇలా ఇయ్యి."